జ్ఞానాంబ కషాయం

తిరుపతిలో ఆడ, మగ ప్రొఫెషనల్ ఆటగాళ్లకు హార్డ్‌కోర్టు టెన్నిస్ పోటీలు మొదలైన వారం, లాడ్జీలన్నీ కొండకు వచ్చిన జనంతో నిండిపోయాయి. నిర్వాహకుల్లో ఒకడైన సుబ్రమణ్యం, మిలెనా అనే విదేశీ క్రీడాకారిణిని తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. ఆ ఉదయం అతను అనుకున్నదల్లా ఆమెకు ఇడ్లీలు పెట్టించి, వేళకు కోర్టులో దింపడమే.

మిలెనా రెండుసార్లు తుమ్మింది. సుబ్రమణ్యం స్నానం చేసి వచ్చేసరికి భార్య జ్ఞానాంబ ఖాళీ గ్లాసు కడుగుతోంది.

"పాపకు జలుబు చేసుండాది. కషాయం కాంచి ఇచ్చినా."

సుబ్రమణ్యం తల తుడుచుకోవడం ఆపేశాడు. నిషేధించిన మందు ఏదైనా ఒంట్లో ఉన్నట్టు పరీక్షలో తేలితే ఆటగాళ్లను ఆడనివ్వరు.

"ఏమేమి ఏసినావు అందులో?"

"మిరియాలు, శొంఠి, బెల్లం. మా అవ్వ చెప్పిన వేరొకటి."

"ఏం వేరది?"

"పేరు చెప్తే గుణం పోతాది."

ఎంత బతిమాలినా ఆమె నోరు విప్పలేదు. కోర్టుకు వెళ్లగానే అతను పోటీల డాక్టరు మోహన్‌ను పక్కకు పిలిచి గుసగుసగా చెప్పాడు.

"పేరు తెలీకుండా నేనేం చెప్పేదప్పా? నిషేధం మందుల్లో 'అవ్వ వేరు' అని రాసుండరు గదా. అదేందో కనుక్కో. లేదంటే పాపను ఆడొద్దని చెప్పాల్సొస్తాది."

పక్కనే మోకాలికి పట్టీ వేయించుకుంటున్న చిత్తూరు ఆటగాడు కిరణ్ చెవిన కషాయం, వేరు అన్న మాటలు మాత్రం పడ్డాయి. సుబ్రమణ్యం ఇంట్లో శేషాచలం అడవిలో దొరికే బలం వేరుతో కషాయం కాస్తున్నారని అతను తోటివాళ్లకు చెప్పాడు. కాసేపటికి జ్ఞానాంబ ఫోన్ చేసింది.

"ఏమండీ, ఎవరో పొడుగు పొడుగు మనుషులు వచ్చి కషాయం అడగతా వాకిట్లో నిలబడుండారు. పెద్ద గిన్నెలో పొయ్యి మీద పెట్టినా. బెల్లం అయిపోయింది. బెల్లం లేకుండా నేనియ్యను. తొందరగా తెండి."

"కొట్లన్నీ మూసుండారు," అన్నాడు సుబ్రమణ్యం, కోర్టు బయట తెరిచి ఉన్న కొట్టు ఎదుటే నిలబడి. చూసి చూసి, ఆట వేళ మించిపోతోందని ఆ ఆటగాళ్లంతా కషాయం తాగకుండానే కోర్టుకు వచ్చేశారు.

ఇక మిగిలింది మిలెనా. ఆమెను కోర్టులోకి పిలుస్తుండగా అతను అడ్డుపడి, సంగతంతా చెప్పి, ఈ ఆట వదులుకోమని వేడుకున్నాడు. మిలెనా ముఖం ఎర్రబడింది. ఆ వాసనకే భయం వేసిందనీ, ఆంటీ అటు తిరగగానే కషాయం సింకులో పోసేశాననీ ఒప్పుకుంది.

సుబ్రమణ్యానికి ఆమెకు దండం పెట్టాలనిపించింది. ఈ సంగతి జ్ఞానాంబకు మాత్రం చెప్పవద్దని ఇద్దరూ అనుకున్నారు.

మిలెనా గెలిచింది. అది కషాయం మహిమేనని జ్ఞానాంబ వీధంతా చెప్పుకుంది. ఆ సంతోషంలో వేరు పేరు కూడా చెప్పేసింది. అది అతిమధురం. మోహన్ నవ్వి, దానికి ఏ నిషేధమూ లేదన్నాడు.

మర్నాడు జ్ఞానాంబ మళ్లీ కషాయం కాచి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగానే నిలబడింది. మిలెనా ఆమె ముఖం చూసి, కళ్లు మూసుకుని, చుక్క మిగల్చకుండా తాగింది.

ఆ రోజు వరసగా రెండు సెట్లూ ఓడిపోయింది.