గాదెలో అంకారావు

ఉదయగిరిలో కోడి కూసేసరికే మాలకొండమ్మ పులిహోర మూట కట్టేసి, మొగుడి మీద ఉతికిన పంచె విసిరి, "లెయ్యి, ఆత్మకూరు బస్సుకు పోవాల" అంది. అంకారావు దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. నలభై రెండు ఉద్యమంలో తంతి తీగలు కోసి, పోలీసులు తరుముకొస్తే ఆత్మకూరులో ఒకరింటి గాదెలో దాక్కుని, మూడో రోజు ఒక్క దూకులో బయటపడి పారిపోయానని అతను చెప్పని అరుగు ఆ ఊళ్లో లేదు. ఇప్పుడు ఆ ఇంటినే అప్పటి సామానుతో సహా జనం చూడ్డానికి తెరిచారు. తెరిచినప్పటి నుంచీ అంకారావుకు పూటకో నొప్పి.

"నడుం పట్టేసుండాదే."

"బస్సు కుదుపుకు అదే వదులుద్ది. లెయ్యి."

మాలకొండమ్మ పట్టుదలకు కారణం వదిన చెంచులక్ష్మి. మొన్న పదిమందిలో, "మా తమ్ముడు గాదెలో దూరినాడంటే నిజమేలేమ్మా, వడ్లు ఎన్ని ఉండాయో చూసుకోను దూరుంటాడు" అని పకపకా నవ్వింది. మొగుణ్ణి సోమరి అన్నా మాలకొండమ్మ ఓర్చుకుంటుంది గానీ, అబద్ధాలకోరు అంటే మాత్రం ఊరుకోదు. అందుకే వదినను కూడా లాక్కుని బస్సెక్కించింది.

ఆ ఇల్లు చూపించేవాడు గురుస్వామి, ఇంటివాళ్ల కొడుకు. ఉద్యమం నాడు మద్రాసులో చదువుకుంటూ ఉన్నాడు గనక ఏదీ కళ్లారా చూసింది లేదు. అయినా చూసినవాళ్ల కంటే బాగా చెప్తాడు. "ఇదేనమ్మా ఆ వీరుణ్ణి దాచిన గాదె. చెయ్యి తగలనీయబాకండి" అన్నాడు. తడికె అల్లి, పేడా మట్టీ మెత్తిన నిలువెత్తు గాదె అది.

అంకారావు దాని చుట్టూ తిరిగి, పెళ్లాం చెవిలో గొణిగాడు. "ఇది ఆ గాదె కాదే."

"కాకుంటే దాని చెల్లెలా?"

"దేవుడి తోడు, ఇది కాదు!"

చెంచులక్ష్మి ఆ మాట వినేసింది. "అయ్యో, పాపం, గాదె మారిపోయినట్టుండాది!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మాలకొండమ్మకు తల కొట్టేసినట్టయింది. "ఆ వీరుడు ఈయనే. ఎట్టా దూరినాడో ఇప్పుడే చూపిస్తాడు" అని అందరికీ వినబడేలా చెప్పి, నిచ్చెన తెచ్చి వేసింది. గురుస్వామి వద్దు వద్దంటున్నా వినలేదు. అంకారావు కాళ్లు లోపల పెట్టాడు. పొట్ట మూతి దగ్గర ఆగింది. ఆమె పైకెక్కి భుజాలు పట్టి ఒక్క అదుము అదిమింది. మనిషి సర్రున లోపలికి జారిపోయాడు.

"చూసినావా వదినా!"

"చూసినాలే. బయటికి రమ్మను."

బయటికి రావడం కుదరలేదు. చేతులు పైకెత్తితే భుజాలు ఇరుక్కుంటాయి, దించితే పట్టుకోడానికేమీ లేదు. తాడు వేశారు. తాడు లాగితే మనిషి జారి వస్తాడేమోనని ఎవరో లోపలికి ఆముదం పోశారు. దాంతో చేతిలో తాడు నిలవడం మానేసింది. లోపల్నుంచి కేకలు విని బజారంతా మూగింది. జనాన్ని చూసి కానిస్టేబుల్ వచ్చాడు. "నలభై రెండులో దొరక్కుండా పోయింది ఈయనేనా? ఇప్పుడైతే యాడికీ పోలేడు" అని తీరిగ్గా బీడీ ముట్టించాడు.

"పగలగొట్టండయ్యా!" అంది మాలకొండమ్మ.

గురుస్వామి గాదెను వాటేసుకున్నాడు. "చరిత్రమ్మా ఇది!"

"లోపల ఉండేది నా మొగుడు!"

"ఆయన కూడా చరిత్రే గదా, కొంచేపు ఉండనీ."

ఆ గొడవలోకి గురుస్వామి తల్లి నాగేశ్వరమ్మ చేజర్ల పొలం నుంచి తిరిగొచ్చింది. జనాన్ని తోసుకుంటూ వచ్చి, లోపలి మూలుగు విని, గాదె మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసింది.

"ఎవర్రా, అంకయ్యా? మళ్లీనా?"

ముసలామె కొడుకు వైపు తిరిగింది. "అప్పుడూ ఇట్నే ఇరుక్కున్నాడు. పోలీసులు పోయినాక కూడా రాలేకపోతే, మీ నాయన గొడ్డలితో చీల్చి తీసినాడు. ఇది మరుసటి ఎండాకాలం మళ్లీ అల్లించింది."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం అమ్మా?"

"నన్నెవరడిగినార్రా?"

మాలకొండమ్మకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. తన మొగుడు అబద్ధాలకోరు కాదు! వదిన ముఖం మాడిపోయింది. ఆనందం తీరేలోగా మాలకొండమ్మకు ఆ ఒక్క దూకు గుర్తొచ్చింది. కొంగు బిగించి, మూలనున్న రోకలి అందుకుంది. "ఏమయ్యా, ఒక్క దూకులో బయటపడినావా? పక్కకు జరుగు, దూకిస్తా!" అంటూ గాదెను ఆమే బద్దలు కొట్టింది. ఆముదం కారుతూ అంకారావు బయటపడ్డాడు.

గురుస్వామి ఆ పెళ్లలన్నీ ఏరి, గదిలో కుప్ప పోసి, అంకారావు గారు ఇరుక్కున్న గాదె అని పక్కన పలక పెట్టాడు. ఊరంతా కళ్లారా చూసింది గనక, ఆ ఇంట్లో నిజమైన సామాను ఇప్పటికీ అదొక్కటే.