ఇడ్లీకీ మార్కుకీ సహసంబంధం

ఆ ఆదివారం పొద్దున మంజూష అనుకున్నది చిన్న పనే. అమీర్‌పేటలో ఓ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో కాసేపు కూర్చుని, ఎం.ఎడ్. ప్రాజెక్టు లెక్క తేల్చుకుని, వంటవేళకు ఇల్లు చేరడం. ఎం.ఎడ్. ఉంటేనే ఉద్యోగం నిలుస్తుందని పంజాగుట్టలో ఆమె పనిచేసే స్కూలు హెడ్మాస్టర్ చక్రపాణి తేల్చిచెప్పారు. తెలుగు టీచరైన మంజూషకు స్టాటిస్టిక్స్ పుస్తకం తెరిస్తే కళ్లు తిరిగేవి. పొద్దుటి తిండికీ మార్కులకీ సంబంధం ఉందేమో చూడమని గైడ్ అరుణాదేవి అన్నారు. మంజూష ఏడో తరగతి పిల్లలను ఎన్నెన్ని ఇడ్లీలు తింటారో అడిగి రాసుకుంది.

ఇన్‌స్టిట్యూట్ నిండా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం జావా నేర్చుకునేవాళ్లే. దాన్ని నడిపే మహిపాల్ ఆమెకు ఓ మూల సీటు చూపించాడు.

"జావా నేర్చుకోరాదు మేడం. గీ ఎక్సెల్‌తోని ఏమొస్తది?"

"ఎం.ఎడ్. వస్తుందండీ."

తెర మీద అంకెలు చిందరవందరగా కనిపించాయి. ఇడ్లీల వరుసను చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు సర్దింది. మార్కుల వరుసను కూడా విడిగా అలాగే సర్దింది. పేర్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. చూడముచ్చటగా అనిపించింది. సహసంబంధం దాదాపు ఒకటి అని వచ్చింది. ఒకటికి ఎంత దగ్గరైతే బంధం అంత గట్టిదని పుస్తకంలో ఉంది. లెక్కల్లో గర్వపడటం ఆమెకు అదే మొదలు.

మర్నాడు సంగతి వినగానే చక్రపాణి తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. "ఎన్ని ఇడ్లీలో అన్ని మార్కులు. నా మాట కాదండీ, కంప్యూటర్ మాట" అన్నారు. ఇళ్లలో ఇడ్లీపాత్రలు రెండోసారి పొయ్యెక్కాయి. అమీర్‌పేటలో ఓ హాస్టల్ వాళ్లు 'మార్కులు పెంచు ఇడ్లీ' అని బోర్డు కూడా పెట్టారు. తక్కువ తినేవాళ్లను చక్రపాణి వెనకబడ్డవాళ్లుగా లెక్కగట్టి వేరే గదిలో కూర్చోబెట్టారు.

ఆ గదిలోకి మొదట వెళ్లింది క్లాస్ ఫస్ట్ వచ్చే పింకీ. ఆమె తల్లి భూలక్ష్మి ఆస్పత్రిలో ఆయా. పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది.

"టీచరమ్మా, రెండుకంటె ఎక్కువ తింటలేదు. బలవంతంగ పెడితే కక్కుకుంటది. ఫెయిలైతదా?"

పింకీ తల ఎత్తలేదు. ధైర్యం చెబుదామని ఆ సాయంత్రం మంజూష మళ్లీ అమీర్‌పేట వెళ్లి పింకీ పేరు వెతికింది. ఆ పేరు పక్కన ఇడ్లీలు సున్నా, మార్కులు పదకొండు. ఆమె మహిపాల్‌ని పిలిచింది.

"రెండు వరుసలు దేనికది సార్ట్ చేసిన్రు మేడం. ఒకరి ఇడ్లీలు ఇంకొకరి మార్కుల పక్కకొచ్చినయి. అట్ల చేస్తే బస్సు నంబర్లకు సుత మార్కులతోని సంబంధమొస్తది."

సరిచేసి చూస్తే ఇడ్లీకీ మార్కుకీ ఏ సంబంధమూ లేదు. మంజూష హెడ్మాస్టర్‌కు చెప్పుకుంది.

"ఇప్పుడు కాదంటే నా పరువేం కావాలండీ? పరీక్షలయ్యేదాకా ఊరుకోండి" అన్నారాయన.

ఉద్యోగం పోతుందని ఊరుకుంది. భూలక్ష్మికి మాత్రం, "రెండే పెట్టండి, నేను చూసుకుంటాను" అని రహస్యంగా చెప్పింది. లెక్కల పరీక్షనాడు గదంతా సాంబారు వాసన. సగంమంది బల్లల మీద తలలు వాల్చి నిద్రపోయారు. కొందరు నోరు మూసుకుని బయటికి పరిగెత్తారు. తనకు రాని లెక్క ఇంతమంది పిల్లల పొట్టల్లోకి వెళ్లిందని తలుచుకుంటే, కాపలాకు నిలబడ్డ మంజూషకు కళ్లనీళ్లు ఆగలేదు. పింకీవి తప్ప అందరి మార్కులూ పడిపోయాయి.

ఎం.ఎడ్. మానేస్తానని చెప్పడానికి మంజూష అరుణాదేవి దగ్గరికి వెళ్లి జరిగినదంతా చెప్పింది. ఆవిడ పాత మార్కులూ కొత్త మార్కులూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ముందు మార్కులు, మధ్యలో ఇడ్లీలు, తర్వాత మార్కులు. ఇది సర్వే కాదమ్మా, ప్రయోగం. తేడా కూడా గట్టిగా ఉంది."

"మేడం, పిల్లలు వాంతులు చేసుకున్నారు."

"అది అనుబంధంలో రాయండి."

మంజూష ఫస్ట్ క్లాసులో పాసైంది. ఆ కొత్త అర్హత చూసి ముచ్చటపడిన చక్రపాణి, మరుసటి ఏడాది నుంచి ఆమెకు లెక్కల క్లాసులు అప్పగించారు.