చిల్లు లేని కోసుగడ్డ

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దింది యాభై మూడో ఏట, మా ఆయన పోయిన తరువాత. ఒత్తు పడవలసిన చోట పడకపోయినా, పడకూడని చోట పడినా సర్దుకుని చదువుకోండి. చెయ్యి కూడా నెమ్మది. ఈ కథ మొదలుపెట్టినప్పుడు పెరట్లో బీరపాదు రెండాకుల మీద ఉంది. ఇప్పుడు కాయలు కోస్తున్నాం.

ఇది హచ్చొళ్ళిలో జరిగింది, తుంగభద్ర కాలువ నీళ్ళు వచ్చిన రెండో ఏడో మూడో ఏడో. కృపానందం అక్కడి మిషను బడిలో అయ్యవారు. ఆయనకు తెలియని సంగతంటూ లోకంలో లేదు. ఉన్నా ఆ సంగతి ఆయనకు తెలియదు. భార్య పేరు కృపమణి. ఇద్దరి పేర్లలోనూ కృప ఉంది గాని, ఒకరి మీద ఒకరు చూపించుకున్నది తక్కువ.

మా సంఘంలో ఏటా కోత పండుగ చేస్తాం. ప్రతి ఇంటివాళ్ళూ తొలి పంట తెచ్చి గుడిలో బల్ల ముందు పెడతారు. బాగున్నవి ముందు వరసలో, అంతంతమాత్రమైనవి వెనక వరసలో. ప్రార్థన అయ్యాక అన్నీ కలిపి ఒకే అండాలో పులుసు పెట్టి, అందరూ పంక్తిలో కూర్చుని తింటారు. దాన్ని ప్రేమ విందు అంటారు. అందులో వడ్డించింది వద్దనకూడదు, రుచిగా లేదని అనకూడదు.

అంతకు ముందు ఏడు మా సంఘం రైతు హనోకు తెచ్చిన గుమ్మడికాయ ముందు వరస మధ్యలో మునసబులాగా కూర్చుంది. కృపానందం తెచ్చింది కోసుగడ్డ, అదే క్యాబేజీ. పురుగులు దాన్ని జల్లెడ చేసి పెట్టాయి. పాస్టరయ్య చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, గుమ్మడికాయ వెనకాల, ఎవరికీ కనపడని చోట పెట్టాడు.

"మంచిదే కదప్పా, దీంట్లోనుంచి చూస్తే అవతలి గోడ బాగా కనిపిస్తాండాది" అన్నాడు హనోకు.

కృపానందం లేచి నిలబడ్డాడు. "వచ్చే ఏడు ఒక్క చిల్లు లేని కోసుగడ్డ తెస్తా. ముందు వరసలో, నడిమధ్యన పెట్టిస్తా. లేకుంటే ఈ కోటు మళ్ళా తొడుక్కోను" అని సంఘం ముందర అనేశాడు. హచ్చొళ్ళిలో ఆయనకున్న గౌరవంలో ముప్పాతిక ఆ కోటుదే.

ఏడు తిరిగింది. బళ్ళారి నుంచి నారు తెచ్చి పెరట్లో నాలుగు మొక్కలు నాటాడు. పదిహేను రోజులకల్లా పచ్చపురుగులు బంధువుల్లాగా చెప్పకుండా దిగాయి.

"పొద్దున్నే లేచి ఏరేస్తే పోతాయి కదప్పా" అంది కృపమణి.

"ఏరేది ఎవరు?"

"కోటు ఎవరిదో వాళ్ళు."

"నేను అయ్యవారిని కదే. పురుగులు ఏరుకుంటా కూచుంటే బడిపిల్లోళ్ళు ఏమనుకుంటారు?"

"మా అయ్యోరికి చేతనయ్యే పని దొరికిందనుకుంటారు."

ఆ వారమే గ్రామసేవకుడు హొన్నూరప్ప సైకిలు మీద వచ్చాడు. రైతులకు వ్యవసాయం సంగతులు చెప్పడం ఆయన ఉద్యోగం. కృపమణి కాఫీ ఇచ్చింది. హొన్నూరప్ప గ్లాసు పట్టుకుని పాఠం మొదలుపెట్టాడు.

"చూడండి సార్. ఆకుకు కాళ్ళుండాయా పారిపోయేదానికి? చేతులుండాయా పురుగును తోసేదానికి? లేవు. అందుకే అది ఒంట్లోనే మందు చేసి పెట్టుకుంటాది. వేపాకులో చేదు, పొగాకులో ఘాటు, జిల్లేడులో పాలు, ఆవాకులో కారం, అన్నీ దానికే. నోరు పెట్టిన పురుగు మళ్ళా ఈ దిక్కు చూడకూడదని."

కృపానందానికి అంతా తేటతెల్లమైపోయింది. తుండు భుజాన వేసుకుని లేచాడు.

"కోసుగడ్డకు మందు చాలలేదన్న మాట. దానికి లేనిది నేనిస్తా."

"స్వల్ప తాళండి సార్, పాఠం ఇంకా సగం ఉండాది."

"నాకు సగం చెప్తే చాలప్పా. మిగతాది నేనే పిల్లోళ్ళకు చెప్పుకుంటా" అంటూ వేపచెట్టు దారి పట్టాడు.

హొన్నూరప్ప గ్లాసులో కాఫీ ఇంకా సగం ఉంది. కాఫీ వదిలి వెళ్ళలేక, మిగిలిన సగం పాఠం కృపమణికి చెప్పాడు. ఆమె మధ్యలో రెండు ప్రశ్నలు కూడా అడిగింది. ఆ ప్రశ్నలేమిటో మొగుడు కనుక్కోలేదు.

మరునాడు కషాయం పొయ్యి ఎక్కింది. వేపాకు, వేపగింజలు, నేలవేము, కాకరాకు. పొగాకు కట్ట తెస్తే మాత్రం కృపమణి గుమ్మంలోనే లాక్కుంది. "అది పురుగుతో ఆగదప్పా, తిన్న పాస్టరయ్యను కూడా తీసుకుపోతాది." దాంతో ఆయన బళ్ళారి పోయి మూసాంబరం తెచ్చాడు. బిడ్డకు పాలు మాన్పించేటప్పుడు తల్లులు రొమ్ముకు రాసుకుంటారే, ఆ నల్లటి చేదు ముద్ద.

"పాలు మాన్పించే బిడ్డ ఎవరుండారిప్పుడు మనింట్లో?"

"పురుగులు."

కషాయం కాచింది చారు గిన్నెలో. ఎన్నిసార్లు తోమినా చారు చేదు. గరిటె తగిలిన మజ్జిగ చేదు. మూడో రోజుకు పిల్లి పక్కింటికి కాపురం మార్చింది. కృపానందం మాత్రం పూటపూటా చీపురుతో ఆకుల మీద చల్లి, మిగిలింది మొక్కల మొదళ్ళలో పోశాడు. పురుగులు నిజంగానే పోయాయి. గడ్డలు నున్నగా, గుండ్రంగా, పెళ్ళికొడుకు బుగ్గల్లాగా తేలాయి.

పండుగ ముందు రోజు మురిపెంగా ఒక ఆకు తుంచి నోట్లో వేసుకున్నాడు. అరగంటసేపు ఆయన ముఖం ఆయన మాట వినలేదు.

ఉప్పునీళ్ళతో కడిగాడు. చింతపండు నీళ్ళతో కడిగాడు. మళ్ళీ కొరికాడు. చేదు కదలలేదు. ఆఖరికి, అంత పెద్ద అండాలో నాలుగు గడ్డలు కలిస్తే ఎవరు కనుక్కుంటారులే అని మనసుకు చెప్పుకుని, గడ్డలు బుట్టలో పెట్టి, కోటుకు ఇస్త్రీ చేయించుకున్నాడు.

"బుట్ట నేను తెస్తా, నువ్వు కోటు నలక్కుండా ముందు పో" అంది కృపమణి.

గుడిలో బుట్ట మీది గుడ్డ తీయగానే జనం ఆ అని నోరు తెరిచారు. నాలుగు గడ్డలూ ముందు వరసలో నడిమధ్యన కూర్చున్నాయి. గుమ్మడికాయ పక్కకు జరిగింది. హనోకు ఒకటికి మూడుసార్లు దగ్గరికి వెళ్ళి చిల్లు కోసం వెతికి, ఏమీ దొరక్క వచ్చి కూర్చున్నాడు. కోటు లోపల కృపానందం బెత్తెడు ఉబ్బాడు.

అప్పుడు పాస్టరయ్య నోటి వెంట ఆ మాట వచ్చింది. "ఇంత ముద్దుగా ఉండే గడ్డల్ని పులుసులో కలపొద్దండమ్మా. వేరేగా కూర చేయండి, అందరికీ తలా ఇంత వడ్డిద్దాం."

కృపానందం లెక్క వేసుకున్నాడు. నూట యాభై మంది, తలా ఇంత. వద్దనడానికి లేదు.

ప్రార్థన మొదలైంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. పాస్టరయ్య ప్రార్థన పొడుగని పేరు. కృపానందం పాక్కుంటూ బల్ల దగ్గరికి వెళ్ళి, ఒక గడ్డను కోటు లోపల కుడివైపు దోపాడు. రెండోదాన్ని ఎడమవైపు దోపాడు. మూడోదాన్ని ఎక్కడ దోపాలా అని చూస్తుండగా హనోకు గొంతు వినిపించింది. కడుపుమంటకు అతనికి ఆ రోజు కళ్ళు మూతపడలేదు.

"పాస్టరయ్యా, ఆమేన్ స్వల్ప బిరబిరా చెప్పండి. కోసుగడ్డలు నడుస్తాండాయి."

మూడు వందల కళ్ళు ఒకేసారి తెరుచుకున్నాయి. రెండు గడ్డల కోటుతో నిలబడి కృపానందం మొత్తం ఒప్పుకున్నాడు. వేపాకు దగ్గర మొదలుపెట్టి మూసాంబరం దాకా ఏదీ దాచలేదు. "గొప్పకు పోయి మీ అందరి నోట్లో విషంలాంటి చేదు పెట్టబోయినా. నా గడ్డలు నాకిచ్చేయండి, వెనక వరస కూడా నాకొద్దు" అన్నాడు.

పాస్టరయ్య ఒప్పుకోలేదు. "బల్ల ముందు పెట్టింది వెనక్కి ఇచ్చే ఆచారం లేదు. వండండి. చేదైనా అందరం కలిసే తిందాం."

కూర వడ్డించారు. జనం కళ్ళు మూసుకుని, ఆముదం తాగేవాళ్ళలాగా ముక్కు పట్టుకుని, ముద్ద నోట్లో పెట్టుకున్నారు. హనోకు రెండో ముద్ద పెట్టుకున్నాడు. మూడోది పెట్టుకున్నాడు.

"ఏందప్పా ఇది, తియ్యగా ఉండాది."

పంక్తంతా గుసగుసలు లేచాయి. ఒప్పుకున్నాడు, చేదు విరిగింది అన్నారు. పాస్టరయ్య కళ్ళు తుడుచుకున్నాడు. మొదట కృపానందం కూడా నమ్మలేదు. మజ్జిగ వచ్చేసరికి నమ్మాడు. చేతులు కడిగేసరికి, ప్రార్థన ఎట్లా చేస్తే ఫలిస్తుందో పక్కవాళ్ళకు నేర్పుతున్నాడు.

మరునాడు మధ్యాహ్నం కృపమణి కంచంలో కోసుగడ్డ కూర వడ్డించింది. కృపానందం ఒక ముద్ద పెట్టుకున్నాడు. ముఖం మళ్ళీ ఆయన మాట వినడం మానేసింది.

"ఏందే ఇది?"

"నీ గడ్డలు. నిన్న తిన్నవి నావి. నువ్వు నాటగా మిగిలిన నారు గుడి దారిలో ఉండే బసవమ్మ పెరట్లో వేసినా. పోతా పోతా దోవలో ఆమె ఇంట్లో బుట్ట మార్చినా."

"నీ వాటికి పురుగు పట్టలేదా?"

"నువ్వు వినని సగంలో ఉండాదప్పా ఆ సంగతి. ఆకు ఎంత మందు చేసుకున్నా, ఆ మందుకే అలవాటు పడిన పురుగు ఒకటి ఉంటాదంట. ఆ ఘాటు వాసన పట్టుకునే వెతుక్కుంటా వస్తాదంట. కోసుగడ్డ ఆవాలకు చుట్టమంట, ఈ పురుగుకు ఆ ఘాటే ఇష్టమంట. చుట్టూ ఆవాలు చల్లినా. పురుగులన్నీ ఆవాకు మీద పడినాయి, గడ్డల జోలికి రాలేదు."

"మరి నిన్ననే నాకు చెప్పకూడదా?"

"నువ్వు పాక్కుంటా పోయేటప్పుడు చెప్దామనుకున్నా. ప్రార్థనలో మాట్లాడకూడదు కదా."

అంతలో గుమ్మంలో హనోకు. చేతిలో సంచీ.

"కృపానందం సారూ, మా దోసకాయలు చేదెక్కినాయి. మీరు స్వల్ప ప్రార్థన చేసి పెడితే..." అంటూ కంచం వైపు చూశాడు. "అవి నిన్నటి గడ్డలేనా? ఎట్లుండాయి?"

కృపానందం భార్య వైపు చూశాడు. ఆమె పైకప్పు వైపు చూస్తోంది.

"తియ్యగా ఉండాయి" అన్నాడు.

"అట్లయితే నాకూ ఒక కంచం పెట్టమ్మా" అని హనోకు పీట లాక్కుని కూర్చున్నాడు.

కృపమణి కంచం కోసం లేచింది. ఆమె తిరిగి వచ్చేలోపల కృపానందం కూర గిన్నె మొత్తం తన కంచంలోకి వంపుకున్నాడు.

"నాకే చాలదు హనోకన్నా" అని చివరి ముక్క దాకా, మధ్యమధ్యలో నవ్వుతూ, తిన్నాడు. కృపమణి నీళ్ళ చెంబు ఆయన దగ్గరికి జరిపింది.

ఇట్లు, సామ్రాజ్యం. వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు బళ్ళారి కౌల్ బజారులో చిన్నకూతురి దగ్గర ఉంటున్నాను.