దారి తెలిసిన నక్క అవ్వ

ఆ ఆదివారం ఉదయం నుకాదా వేసుకున్న పథకం బహు సులువైనది. ఒగికుబో పేటలోని చిన్న హాల్లో పిల్లలకూ తల్లిదండ్రులకూ తన బొమ్మల సినిమా చూపించాలి. డబ్బు పెడుతున్న బియ్యపు బిస్కెట్ల కంపెనీ అధ్యక్షుడు కుమెగావా వెనక వరసలో కూర్చుని మురిసిపోవాలి. కుటుంబ చిత్రం తీయడమంటే నిర్మాతగా నుకాదాకు కొట్టిన పిండి. పిల్లల కోసం ఎవరో ఒకరు పిత్తుతూ ఉండాలి, పెద్దల కోసం ఎవరో ఒకరు విడాకులు తీసుకుంటూ ఉండాలి.

దర్శకురాలు ఇసోబె చిదోరి ఏళ్ల తరబడి గీసింది మాత్రం ఇంకేదో. వానలో మనవణ్ణి ఇంటికి తీసుకెళ్తూ దారి మరచిపోయే నక్క అవ్వ కథ.

"దీన్నెవరు చూస్తారమ్మా? పిల్లలకి నిద్దరొస్తుంది, పెద్దాళ్లకి దిగులొస్తుంది!" అని నుకాదా అవ్వను మొత్తంగా కత్తిరించి, ఆ చోట డాన్సు చేసే ఆక్టోపస్‌ను పెట్టించాడు. ఈరోజు అధ్యక్షుడు తలూపితే అవ్వ కథ అంతటితో సరి.

ఇంతలో, గుమ్మంలో పిల్లలను పలకరించాల్సిన నక్క వేషగాడు పచ్చి ఆల్చిప్పల మాంసం తిని కడుపు పట్టుకున్నాడని కబురొచ్చింది. "ఆ మాత్రం గంతులు నేనెయ్యలేనా!" అంటూ నుకాదా తానే ఆ బొచ్చు తొడుక్కుని తల తగిలించుకున్నాడు. వీపు మీద జిప్పు బిగుసుకుపోయింది.

అప్పుడే సహాయకుడు మినవా తలుపులోంచి తొంగిచూశాడు. "నుకాదా గారూ, పెట్టెలో రెండు సినిమాలున్నాయండీ. అవ్వదాన్నేం చెయ్యమంటారు?"

"తీసెయ్!" అని నుకాదా గర్జించాడు. నక్క మూతిలోంచి అది "వేసెయ్" అని వినబడింది.

దీపాలు ఆరాయి. తెర మీద రంగులైనా పూయని పెన్సిలు గీతల్లో నక్క అవ్వ ప్రత్యక్షమైంది. నుకాదా తెర ముందుకు పరుగెత్తి చేతులాడించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. "ఆపండ్రా!" అని అరిచాడు. "ఆపండ్రా!" అని పిల్లలూ ఉత్సాహంగా అరిచారు. తన తోక తానే తొక్కుకుని వెల్లకిలా పడ్డాడు. నలుగురు పిల్లలు అతని పొట్టెక్కి కూర్చున్నారు. అక్కణ్ణించి తెర బాగా కనబడుతోంది.

తెర మీద అవ్వ మూడోసారి అదే పోస్టు డబ్బా దగ్గరికి వచ్చింది. "ఇది వేరే డబ్బా నాయనా. నాకు తెలీదూ?" అంది.

"అదే డబ్బా! అదే డబ్బా!" అంటూ పిల్లలు పడిపడి నవ్వారు. వెనక తల్లిదండ్రుల్లో ఒక్కరూ నవ్వలేదు. తెర మీద మనవడు అవ్వ చెయ్యి వదలకుండానే ఒక్క అడుగు ముందుకు జరిగి, ఆవిడ నడిపిస్తున్నట్టే ఉండేలా ఇంటి వైపు తిరిగాడు. కుమెగావా చేతిగుడ్డ తీసి ముఖం దాచుకున్నాడు.

ఒకే సమయంలో నవ్వూ ఎక్కిళ్లూ వినబడుతుంటే, నుకాదా హాల్లో సౌండు చెడిపోయిందనుకున్నాడు.

దీపాలు వెలిగాక కుమెగావా గొంతు సవరించుకున్నాడు. "ఈ కథెవరిది?"

నక్క ఎగిరి లేచి, నాదేనన్నట్టు గుండె మీద టపటపా కొట్టుకుంది. "భలే వేషగాడు," అని మెచ్చుకుని, అధ్యక్షుడు గోడ పక్కన నిలబడ్డ చిదోరి వైపు తిరిగాడు. "మీదేనా అమ్మా?"

"మా అమ్మమ్మదండీ," అంది చిదోరి. "చిన్నప్పుడు ఆ డబ్బా దగ్గర నేనూ అలాగే నవ్వాను. ఆవిడ దారి నిజంగానే మరచిపోయిందని పెద్దయ్యాక గానీ తెలీలేదు."

"ఇదే విడుదల చెయ్యండి," అన్నాడాయన. "ఆ ఆక్టోపస్సూ అదీ ఏదో ఉందన్నారు, అది నాకు చూపించొద్దు."

అంతా వెళ్లిపోయాక మినవా కత్తెరతో బొచ్చు కోసి నుకాదాను బయటికి లాగాడు. చెమటతో ముద్దయిన నిర్మాత ముఖంలో జ్ఞానోదయం తాండవిస్తోంది.

"చూశావటయ్యా, కిటుకు దొరికింది! వచ్చే సినిమాలో ఇద్దరు అవ్వలు తప్పిపోవాలి."