ప్రేమ్ కుమార ప్రథమ పాఠ సంహారము

అఖిల కదళీఫల విపణీ విఖ్యాతంబగు రావులపాలెమున, గౌతమీ తీర సమీరంబులు సైతము ఉక్కపోతకు జడిసి ఎచటనో దాగిన యొకానొక శుక్రవారము మధ్యాహ్నమున, చర్చి ఆఫీసు గదిలో ఘోర సంగ్రామంబు సంభవించెను. ఒకవైపున సంఘపు గుమాస్తాయు, గాయకబృంద ధ్వనిముద్రణ ధురంధరుండునగు ప్రేమ్ కుమార్. వేరొకవైపున, మౌసును లెక్కసేయక, నల్లని తెరపై అక్షరములు కొట్టి ఆజ్ఞాపించిననే గాని కదలని లినక్సు కంప్యూటరు.

సమర కారణంబు వినుడు. ఆదివారపు వార్షికోత్సవ గీతమునకు ప్రాణము సంపూర్ణమ్మగారి గొంతు. ఆమెయో, కంటి ఆపరేషనుకై కాకినాడ బస్సెక్కబోవుచున్నది. ఆలోగా పాట రికార్డు కాకున్న ఉత్సవమున ఆ స్వరము వినబడదు. మైకు సిద్ధము, బృందము సిద్ధము, ప్రయాణపు సంచితో గదిలో వేచియున్న ఆమెయు సిద్ధము. యంత్రము మాత్రము "డిస్కులో ఖాళీ లేదు" అని మొరాయించెను.

ఎట్లుండును? లినక్సు నేర్చి తీరెదనని శపథము పట్టిన మన వీరుండు, కొత్తవారికై వెలసిన వీడియో పాఠములను అక్షౌహిణులుగా డౌన్‌లోడొనర్చి, ఒక్కదానినైనను తెరచి చూడక, దింపుకొనుటయే నేర్చుకొనుటయని మురియుచు, ఆ డిస్కు నిండ కూరి పెట్టెను.

"అందులో ఒకటి తీసెయ్యండి," అని భార్య రెబెక్కా, అతడెన్నడో ప్రింటు తీసి మరచిన పాఠ్యపుస్తకమును దులిపి చదివెను. "ఆర్, ఎమ్ కొట్టి, పక్కన ఫైలు పేరు కొట్టాలంటండి."

అంతట అతడు అట్లే మొదటి పాఠము పేరు కొట్టి, చూపుడువేలిని ఖడ్గమువలె ఝళిపించి, "ఓరీ మొదటి పాఠమా! పాఠాధమా! నా డిస్కు నాక్రమించి, మా సంఘ గీతమున కడ్డుపడు నీకిదే అంత్యకాలము!" అని గర్జించి ఎంటరు మీట నొక్కెను.

యంత్రము కిమ్మనలేదు.

పలకరించినచో బదులు పలుకుట గోదావరి మర్యాద. వీరుని మోము వాడెను. "ఏంటండీ ఇది? చెయ్యనని అయినా చెప్పాలిగా!" అని చిన్నబుచ్చుకొని, ఆ ఆజ్ఞనే మరల కొట్టెను. ఈ మారు "అట్టి ఫైలు లేదు" అని జవాబు వచ్చెను. "అసలు అలాంటి ఫైలే లేదంటోందండీ! ఇంక నావల్ల కాదు," అని ఆ శూరుడు కుర్చీలో కూలబడెను. వెలుపల, బస్టాండునకు పోవలసిన ఆటో హారను మ్రోగెను.

"ఇందాక ఉందిగా? ఇప్పుడు లేదంటే మొదటిసారే పోయిందన్నమాట," అనెను రెబెక్కా.

"మరి పని చేసి చెప్పడానికేం రోగం దానికి?" అని సంపూర్ణమ్మగారు మైకు ముందుకు జరిగిరి. "అయిందండీ అంటే సరిపోయేదిగా బాబూ!"

ఆమె పాడెను. ఆటోవాడు సైతము హారను మాని వినెను. కథ చెప్పు నాకును కండ్లు చెమర్చినవి. పాట పదిలముగా డిస్కున కెక్కెను, ఆమె ఆటో ఎక్కెను.

ఇట్లు, ఒక్క పాఠమైనను చదువకయే మొదటి పాఠమును మట్టుబెట్టి, అశేష డెల్టా మండలమున అజేయుండై వెలసిన ప్రేమ్ కుమార వీరుండు, పాట పట్టగా ఇంకను కొంత జాగా మిగిలినదని గమనించి, రెబెక్కా చూచుచుండగనే మరియొక మొదటి పాఠమును దింపుకొనసాగెను.