మూడోసారి అడగని కుర్చీ

శనివారం పొద్దున్నే మొగిలయ్య అద్దం ముందు నిలబడి వద్దనడం ప్రాక్టీసు చేస్తున్నాడు. విదేశంలో, పాపకూర అనే ఊళ్ళో కూరగాయల షాపు ఆయనది. ఊళ్ళోని కమ్యూనిటీ కాలేజీ పాలకమండలిలో ట్రస్టీ కుర్చీ ఖాళీ అయితే, వలస వచ్చినవాళ్ళ తరఫున ఆయన పేరు ప్రతిపాదించారు. మండలి పిలిచి అడగాలి, ఆయన ఒప్పుకోవాలి, ఆ తర్వాత ఇంట్లో మటన్ విందు. షాపుకొచ్చిన ప్రతివాడికీ కొత్తిమీర కట్టతోపాటు ఈ కబురు కూడా ఉచితంగా ఇచ్చేశాడు. ఇప్పుడు కుర్చీ రాకపోతే షాపు షట్టర్ ఎత్తే మొహం ఉండదు.

"వాళ్ళు అడగంగనే ఎస్ అను," అన్నది భార్య రాజ్యం, కారు తాళాలు తీస్తూ.

"అడగంగనే ఒప్పుకుంటే ఆశపోతు అనుకోరా? రెండుసార్లు వద్దంట. మూడోసారి బతిమాలుతరు. అప్పుడు ‘మీ మాట కాదనలేక’ అంట."

"గది మనోళ్ళ కాడ నడుస్తది. వీళ్ళు బతిమాలరయ్యా!"

"నువ్వు డ్రైవింగ్ చూస్కో. మర్యాద నేను చూస్కుంట."

కాలేజీలో మండలి అధ్యక్షురాలు జూడిత్ ఎదురొచ్చి, "టీ తాగుతారా?" అంది.

"నో, నో," అన్నాడు మొగిలయ్య, అలవాటుగా.

"నో వర్రీస్!" అని ఆమె కెటిల్ ఆపేసింది. ట్రస్టీలోని ‘టీ’ అక్కడే పోయింది.

గదిలో టేబుల్ చుట్టూ అందరూ ఆయన్నే చూస్తున్నారు. రాజ్యం తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది.

"మా బోర్డులోకి రావడం మీకు సమ్మతమేనా?" అంది జూడిత్.

పదవి పెదవి దాకా వచ్చింది. పెదవే ద్రోహం చేసింది.

"నో, నో. నాకంత అర్హత ఎక్కడిది!"

"నిజాయితీగా చెప్పారు, థాంక్స్. నో వర్రీస్!" అని జూడిత్ ఆయన పేరు కొట్టేసింది.

రెండోసారికే దిక్కు లేదు, ఇక మూడోసారి ఎక్కడిది? కిటికీ బయట స్నేహితుడు కొమురయ్య పూలదండ, శాలువా పట్టుకుని ఉత్సాహంగా చెయ్యి ఊపుతున్నాడు. మళ్ళీ అడిగించుకోవాలంటే మొగిలయ్యకు తెలిసిన దారి ఒక్కటే, ఇంకాస్త వినయం.

"అంటే... నాకంటే మంచోళ్ళు మస్తు మంది ఉన్నరని..."

"అలాగా! ఎవరు?" టేబుల్ చుట్టూ పెన్నులు లేచాయి.

ఎవరి పేరు చెప్పినా వాళ్ళు ఎగిరి కూర్చుంటారు. ఎప్పటికీ ఆ కుర్చీ ఎక్కని మనిషి పేరు కావాలి.

"గంత దూరమెందుకు, మా రాజ్యమే నాకంటే నయం," అని నవ్వాడు. అందరూ నవ్వుతారు, తర్వాత బతిమాలుతారు అని లెక్క. ఎవరూ నవ్వలేదు.

"సాయంత్రం క్లాసులకు బస్సు కావాలని మాతో పోట్లాడి సాధించింది ఆవిడే కదా!" అంటూ జూడిత్ తలుపువైపు తిరిగింది. "రాజ్యం, మీరు వస్తారా?"

మొగిలయ్య కళ్ళతోనే వద్దని బతిమాలాడు, రెండుసార్లు కాదు, పదిసార్లు.

"ఎస్," అన్నది రాజ్యం.

చేతులన్నీ లేచాయి. సభ్యత్వం కోసం వచ్చినవాడికి సభ్యత మిగిలింది.

చప్పట్లు విని లోపలికి దూసుకొచ్చిన కొమురయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. "అన్నా, దండ ఎవరికెయ్యాలె?"

"మీ వదినకే ఎయ్యిరా. మూడుసార్లు అడగకు!"

విందు మాత్రం ఆగలేదు. కొత్త ట్రస్టీ మెడలో దండతోనే వడ్డిస్తూ మొగిలయ్య దగ్గరికొచ్చింది.

"మటన్ ఇంకొంచెం ఎయ్యాల్నా?"

మొగిలయ్య పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు, వద్దు."

"నో వర్రీస్," అని రాజ్యం గిన్నె కొమురయ్య వైపు తిప్పింది.

అది మళ్ళీ ఇటు రాలేదు.