హద్దు రాయి, వంద కేబీలు

ఈ రోజుల్లో బాగుపడాలంటే మనిషికి ఒకటే మార్గం. కుంచించుకుపోవాలి! నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను. కంప్యూటర్లో కంప్రెషన్ అనే సదుపాయాన్ని కనిపెట్టిన మహానుభావుడు ఎవరో గానీ, ఆయనకు ఊరూరా సన్మానం చేసి శాలువా కప్పాలి.

అసలు కంప్రెషన్ మనకు కొత్తా? పొద్దున్నే నందిగామలో విజయవాడ బస్సెక్కే వాళ్ళనడగండి. యాభై మంది పట్టే బస్సులో వంద మంది వెళుతున్నారా, లేదా? దిగాక ఒక్కరైనా తగ్గారా? చొక్కా నలుగుతుంది, అంతే. మనుషులకు లేని ఇబ్బంది ఫొటోలకెందుకు? పెళ్ళి వీడియోలు, సన్మాన సభల ఉపన్యాసాలు, ఫోన్లో మా వియ్యపురాలి కుశల ప్రశ్నలు... ఇవన్నీ కూడా నొక్కగలిగితే దేశం ఎంత ముందుకు పోతుందో మీరే ఆలోచించండి!

కొందరికి మాత్రం దీని విలువ ఒక పట్టాన తెలిసిరాదు. ఉమాకాంతం మాస్టారినే తీసుకోండి. జగ్గయ్యపేటలో ఏళ్ళ తరబడి సోషల్ పాఠాలు చెప్పి, రిటైరయ్యాక నందిగామలో ఇల్లు కట్టుకుని, ముందు గదిలో ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్ పెట్టుకున్నారు. దాని మీద ఆయన భార్య కమలాంబగారు కుట్టిన పూల గుడ్డ ఒకటి. వీధిలో ఎవరికి ఏ ఆన్‌లైన్ పని పడ్డా ఆయన ఆ గుడ్డ తీసి, మడిచి, అప్పుడు స్విచ్ వేస్తారు.

అలా వచ్చినవాడే చెవిటికల్లు రైతు రత్తయ్య, ఆయన చిన్ననాటి స్నేహితుడు. రత్తయ్య మిరప చేలోకి వెళ్ళడానికి ఒక్కటే బండి డొంక. పక్క పొలం రాంబాబు ఏటా ఒక సాలు, రెండు సాళ్ళు కలిపేసుకుంటూ ఆ డొంకను దాదాపు మింగేశాడు. అక్కడ డొంక ఉందని చెప్పడానికి మిగిలింది ఒక్క హద్దు రాయి. అది కూడా పోతే పొలంలోకి ట్రాక్టరు పోదు, మిరపకాయల బస్తాలు నెత్తిన మోసుకు రావాల్సిందే.

"రాయి నిలబడి ఉన్నప్పుడే ఫొటో పెట్టి అర్జీ పడేద్దాం మాస్టారూ. రాంబాబు సంగతి తెలుసుగా! ఇయ్యాల ఉన్న రాయి రేపుంటదని నమ్మకం లేదు," అన్నాడు రత్తయ్య.

ఫొటో తీయించే బాధ్యత మాస్టారు స్వయంగా తీసుకున్నారు. రాయి స్పష్టంగా కనబడాలని దానికి తెల్లగా సున్నం కొట్టించారు. సాక్ష్యం బలంగా ఉండాలని అటు ఇద్దరు, ఇటు ఇద్దరు పెద్దమనుషుల్ని నిలబెట్టారు. ఫొటో అన్నాక మట్టి బట్టల్తో ఎవరు నిలబడతారండీ? నలుగురూ ఇస్త్రీ పంచెలు, తెల్ల లాల్చీలు, భుజాన తెల్ల కండువాలతో దిగారు. రత్తయ్య పెదనాన్నయితే తలకు కూడా తెల్ల పాగా చుట్టించుకున్నాడు. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. సున్నం మీద పాకుతున్న చీమ కూడా కనిపిస్తోంది!

అదే వచ్చిన చిక్కు. అర్జీ తీసుకునే సైటుకి అంత స్పష్టత పడలేదు. ఫొటో వంద కేబీలు మించరాదంది. మాస్టారి ఫొటో అయిదు ఎంబీలు. ఆ ఆఫీసు పేరు నేను చెప్పను గానీ, భవనం మాత్రం మూడంతస్తులు. అంత భవనంలో ఒక రాయి బొమ్మకు చోటు లేకపోవడం వాళ్ళ నిరాడంబరతకు నిదర్శనం.

మాస్టారు బెదరలేదు. ఫొటో ఉన్న ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి, లోపల మరో బటన్ నొక్కి, అక్కడ దాక్కున్న కంప్రెస్ అనే గడిలో టిక్ పెట్టారు. ఫైలు మీద రెండు బుల్లి నీలం బాణాలు ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి. చూశారా విజ్ఞానం! తీరా సైటులో పెడితే మళ్ళీ అదే పాట, సైజు ఎక్కువైందట. డిస్కులో చోటు మిగిల్చే కంప్రెషన్ వేరు, ఫొటోను చిన్నది చేయడం వేరు అని ఆ బాణాలైనా చెప్పవు.

ఫోల్డరుకు సరిపోలేదేమో, మొత్తం డ్రైవుకే వేద్దామనుకున్నారు మాస్టారు. సీ డ్రైవుకు టిక్ పెట్టారు. ఏవో హెచ్చరికలొచ్చాయి. రిటైరైన మాస్టారు హెచ్చరికలు చేస్తారు గానీ వింటారా? అన్నిటికీ ఓకే కొట్టారు.

కంప్యూటర్ మళ్ళీ వేసేసరికి నల్లటి తెర మీద ఒకే ఒక్క వాక్యం. తనను నిద్రలేపే ఫైలు కూడా కంప్రెస్ అయిపోయిందట, కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కమంది. నొక్కారు. ఆరిపోయి, వెలిగి, మళ్ళీ అదే చెప్పింది.

"ఏవండీ, ఆ నొక్కుడేదో ఆపి, ఆ ఆఫీసు ముందు కూర్చున్నా ఈపాటికి పని అయ్యేదిగా," అన్నారు కమలాంబగారు. మాస్టారు సీపీయూను పూల గుడ్డలో చుట్టి జగ్గయ్యపేట బస్సెక్కారు. అక్కడ ఆయన పాత శిష్యుడు బెన్నికి కంప్యూటర్ల షాపుంది. బస్సులో ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, ఇద్దరు భారీ మనుషుల మధ్య ఇరుక్కుని వెళ్ళారు.

"సీ డ్రైవ్ మొత్తానికి టిక్ పెట్టేశారా సార్?" అన్నాడు బెన్ని నోరు వెళ్ళబెట్టి.

"ఖాళీ వస్తుందంటే పెట్టాన్రా."

బెన్ని నవ్వాపుకుని దాన్ని బాగుచేశాడు. మాస్టారు జిప్ చేద్దామా అంటే ఈ సైటు జిప్ ముట్టదన్నాడు. "అయినా ఫొటో ముందే నొక్కి ఉంటది సార్. పిండిన చెరుకు మళ్ళీ మిషన్లో పెడితే రసం వస్తదా?" అంటూ క్వాలిటీని కిందికి, ఇంకా కిందికి లాగాడు. తొంభై ఎనిమిది కేబీలు. "మొహాలు కొంచెం అలుక్కుపోయినయ్ గానీ సైటు తీసుకుంటది సార్!"

తీసుకుంది! తెర మీద పచ్చటి టిక్కు. ఆ వార్త వినగానే రత్తయ్య ఫోన్లోనే దణ్ణం పెట్టాడు.

కొన్నాళ్ళకు జవాబు వచ్చింది. "జతపరచిన ఫొటోలో తెల్లని రాళ్ళు అయిదు కనిపించుచున్నవి. వాటిలో హద్దు రాయి ఏదో గుర్తించుటకు వీలు లేదు. స్పష్టమైన ఫొటో పంపవలెను. సైజు వంద కేబీలు మించరాదు."

"పాగా చుట్టుకున్న మా పెదనాన్నను రాయన్నారా!" అని లేచాడు రత్తయ్య. మాస్టారు ఉండబట్టలేక అసలు ఫొటోను ఫోన్లో పట్టుకుని ఆ ఆఫీసుకే వెళ్ళారు. అక్కడి ఉద్యోగి మర్యాదస్థుడు. కుర్చీ వేసి, ఫొటో చూసి, "భలే ఉందండీ, రాయి ఎంత బాగా కనపడుతోందో! కానీ మేం చూస్తే చెల్లదండి. సైటు చూడాలి," అన్నాడు. మనిషి కళ్ళు ఇంకా కంప్రెస్ కాలేదు కదా, అందుకని వాటిని నమ్మరు. ఎంత ముందుచూపో గమనించండి!

సరే, ఈసారి మనుషులు లేకుండా రాయినొక్కదాన్నే తీద్దామని మర్నాడు ఇద్దరూ చేలోకి వెళ్ళారు. రాయి లేదు. అది ఉన్నచోట నున్నగా, కొత్తగా సిమెంటు గచ్చు పోసి ఉంది. రాంబాబు దాని మీద నీళ్ళు చల్లుకుంటున్నాడు.

"ఇక్కడి రాయేదిరా?" అన్నాడు రత్తయ్య.

"రాయా? ఏ రాయి బాబాయ్? మోటారు షెడ్డుకు గచ్చు పోయించా," అన్నాడు రాంబాబు నీళ్ళు చల్లుతూనే.

రత్తయ్య గట్టు మీద కూలబడ్డాడు. కళ్ళ నిండా నీళ్ళు. "మా నాయన ఈ డొంకలో ఎడ్లు తోలాడు మాస్టారూ," అన్నాడు. మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. ఇంత అన్యాయం కళ్ళ ముందు కనిపిస్తుంటే ఊరుకుంటారా? ఆ గచ్చునే ఫొటో తీసి, ఆక్రమణకు ఇదే రుజువు అని రాసి పంపారు.

ఇక్కడ కంప్రెషన్ గొప్పతనం చూడండి. నున్నటి గచ్చు, ఒకటే రంగు, బొమ్మలో ఇంకేమీ లేదు. మొదటి నొక్కుకే వంద కేబీల్లోకి వచ్చేసింది. సైటు ఒక్క పేచీ పెట్టలేదు. జవాబు కూడా మర్నాడే వచ్చింది. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని రత్తయ్యకు చదివి వినిపించారు.

"ఫొటో మిక్కిలి స్పష్టముగా ఉన్నది. సదరు స్థలములో రాయి ఏదియు లేదు. కావున అర్జీ పరిష్కరించబడినది."

రత్తయ్య తెర వైపు వంగి, "మరి నా మిరపకాయలు ఎట్టా తెచ్చుకోవాలో రాశారా మాస్టారూ? కింద చూడండి, ఇంకేదో ఉన్నట్టుంది," అన్నాడు.

మాస్టారు కిందికి జరిపి చూశారు. ఉంది. అయిదు స్టార్లు వరసగా పేర్చి, మా సేవలు మీకు ఎంత బాగా నచ్చాయో తెలపండి అని రాసి ఉంది.